కన్వేయర్ బెల్టు మీద విమానం లేస్తుందా? లేస్తుంది, ఎందుకో చెబుతాను

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్ల కోసం క్లుప్తంగా మళ్లీ చెబుతాను. రన్‌వే అంత పొడవున్న కన్వేయర్ బెల్టు ఒకటి ఉంది, దాని మీద విమానం నిలబడి ఉంది. విమానం ఎంత వేగంతో ముందుకు కదిలితే బెల్టు సరిగ్గా అంతే వేగంతో వెనక్కి తిరుగుతుంది. అప్పుడు విమానం గాల్లోకి లేస్తుందా, లేక ట్రెడ్‌మిల్ మీద మనిషిలాగా ఉన్నచోటే ఉండిపోతుందా? మహబూబ్‌నగర్‌లో మీ హాస్టల్ గదిలో ఆరుగురిలో నలుగురు లేవదన్నారని, మీ లెక్చరర్ గారు కూడా లేవదనే చెప్పారని, నీకు మాత్రం ఎక్కడో తేడా కొడుతోందని రాశావు.

లేస్తుంది. మామూలు రన్‌వే మీద ఎట్లా లేస్తుందో అట్లాగే లేస్తుంది. మహా అయితే నాలుగైదు మీటర్లు ఎక్కువ పరుగెత్తుతుంది, అంతే. నీకు తేడా కొట్టింది సరైన చోటే.

నా సంగతి ఒక్క మాటలో చెబుతాను, ఎవరు చెబుతున్నారో తెలియాలి కదా. వాయుసేనలో ఎయిర్‌ఫ్రేమ్ పనిలో ఇరవై ఏళ్లు చేశాను, అందులో కొన్నేళ్లు దుండిగల్‌లో హెచ్‌పీటీ-32 దీపక్ శిక్షణ విమానాల మీద. ఇప్పుడు నల్లగొండలో ఉంటున్నాను, సాయంత్రాలు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. చక్రాలు విప్పడం, బేరింగులకు గ్రీజు పెట్టడం, బ్రేకులు చూడడం, టైర్లు మార్చడం, ఇదే నా చేతిపని. కాబట్టి ఈ ప్రశ్నలో చక్రాల సంగతి నాకు పుస్తకం కంటే చేతుల్లోనే ఎక్కువ తెలుసు. అయినా ఈ పొడుపుకథ మొదటిసారి విన్నప్పుడు నేనూ లేవదనే అన్నాను. ఎందుకన్నానో గుర్తుంది: నా బుర్రలో ఉన్నది విమానం కాదు, కారు. నలుగురు లేవదన్నారంటే వాళ్ల బుర్రలోనూ అదే ఉందని నా నమ్మకం.

కారు సంగతే ముందు చూద్దాం. కారు ఇంజిన్ తిప్పేది చక్రాన్ని. చక్రం రోడ్డును వెనక్కి తోస్తుంది, రోడ్డు కారును ముందుకు తోస్తుంది. న్యూటన్ మూడో నియమం, తొమ్మిదో తరగతిలోనే చదివి ఉంటావు. ఇక్కడ రోడ్డే వెనక్కి జారిపోతుంటే కారుకు పట్టు ఎక్కడిది? మెకానిక్ షాపులో బండిని సెంటర్ స్టాండ్ వేసి గేరులో పెడితే వెనక చక్రం గిర్రున తిరుగుతుంది, బండి మాత్రం అంగుళం కదలదు. ట్రెడ్‌మిల్ మీద మనిషి అయినా అంతే, కాలితో పట్టాను తోస్తేనే ముందుకు పోతాడు, ఆ పట్టా వెనక్కి పోతోంది కాబట్టి ఉన్నచోటే ఉంటాడు.

విమానం చక్రానికి ఇంజిన్‌తో సంబంధమే లేదు. గేరు లేదు, చైను లేదు, షాఫ్టు లేదు. ఇది ఊహ కాదు, నేను విప్పి చూసింది. ఇరుసు మీద రెండు బేరింగులు, వాటి మీద చక్రం, పక్కన బ్రేకు డిస్కు. బ్రేకు వదిలి, జాకీ మీద లేపి, చేత్తో ఒక్క తోపు తోస్తే చక్రం ఆగకుండా ఎంతసేపు తిరుగుతుందో చూస్తే నువ్వే ఆశ్చర్యపోతావు. హ్యాంగర్‌లోంచి టన్ను పైచిలుకు బరువున్న విమానాన్ని మేం ముగ్గురం చేతులతో తోసి బయటికి తెచ్చేవాళ్లం. చొక్కా తడవకుండా తెచ్చేవాళ్లం. కారుకు చక్రం కాలు అయితే విమానానికి చక్రం పీట లాంటిది, నేలమీద ఉన్నంతసేపు బరువు మోస్తుంది, తోయడం దాని పని కాదు.

మరి తోసేది ఎవరు? ప్రొపెల్లర్ గాలిని వెనక్కి నెడుతుంది, గాలి విమానాన్ని ముందుకు నెడుతుంది. జెట్ ఇంజిన్ అయినా ఇంతే, ముందు నుంచి గాలిని మింగి వెనక నుంచి ఇంకా వేగంగా వదులుతుంది. తోపుడు జరిగేది విమానానికీ గాలికీ మధ్య. కింద బెల్టు వెనక్కి పోతోందా, ముందుకు పోతోందా, అసలు ఉందా లేదా అన్నది ఆ గాలికి పట్టదు. బెల్టు చేయగలిగింది ఒక్కటే, చక్రాలను రెట్టింపు వేగంతో తిప్పడం. విమానం గంటకు 93 కిలోమీటర్ల వేగంతో ముందుకు పోతుంటే, బెల్టు 93తో వెనక్కి పోతుంటే, చక్రాలు 186 కిలోమీటర్ల లెక్కన తిరుగుతాయి. తిరగనీ. తిరగడానికే కదా బేరింగులు పెట్టింది.

ఇంతవరకు చెబితే మా ట్యూషన్ పిల్లలు కూడా ఒప్పుకోలేదు. నోటితో చెబితే ఎవరూ మారరని అర్థమై, మూడేళ్ల కింద వాళ్లలో ఐదుగురిని మిర్యాలగూడ తీసుకెళ్లాను. మా బావమరిది అక్కడ ఒక రైసు మిల్లులో పని చేస్తాడు. బస్తాలు లారీకి ఎక్కించే కన్వేయర్ బెల్టు ఉంటుంది కదా, మధ్యాహ్నం భోజనాల వేళ ఖాళీగా ఉన్నప్పుడు దాన్ని నేలకు సమంగా దింపించి అరగంట అడిగి తీసుకున్నాం. పిల్లలు ఆడుకునే బేరింగు బండి ఒకటి తెచ్చాం, చెక్క పలక కింద నాలుగు పాత బేరింగులు కొట్టి ఉంటాయి చూడు, అది. దాని మీద 25 కిలోల బియ్యం సంచి పెట్టి, ముందు మేకుకు తాడు కట్టి, తాడు కొసకు స్ప్రింగ్ త్రాసు తగిలించాం.

మొదట బెల్టు ఆపి ఉంచి మెల్లగా లాగితే త్రాసు ముల్లు కిలోకు కాస్త అటూ ఇటూగా ఆడింది. తర్వాత నేను బెల్టు ముందు కొస దగ్గర నేల మీద నిలబడి తాడు పట్టుకున్నాను, బావమరిది స్విచ్ వేశాడు. బెల్టు నాకు దూరంగా వెనక్కి పరుగు మొదలుపెట్టింది, బేరింగులు గరగర తిరుగుతున్నాయి, బండి మాత్రం ఉన్నచోటే ఉంది. త్రాసు? అదే కిలో. కాస్త వణికింది కానీ పెరగలేదు. ఇప్పుడు తాడు పట్టుకునే నేను రెండడుగులు వెనక్కి, అంటే బండికి ముందు వైపుకు, నడిచాను. బెల్టు తన దారిన వెనక్కే పోతోంది, బండి మాత్రం నాతో పాటు ముందుకు వచ్చేసింది. కదలించేటప్పుడు ముల్లు ఒకసారి ఎగిరింది, మళ్లీ కిలో దగ్గరికే వచ్చింది. తర్వాత బ్యాటరీతో నడిచే బొమ్మ కారు ఒకటి అదే బెల్టు మీద పెట్టాం. చక్రాలు తిప్పుకుంటూనే వెనక్కి కొట్టుకుపోయి సంచుల మీద పడింది.

పక్కన అన్నం తింటూ చూస్తున్న ఒక హమాలీ పెద్దాయన అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "గుంజేది మీరైతిరి, బండి ఎట్ల ఆగుతది సార్?" నా గంట పాఠం ఆయన ఒక్క మాటలో తేల్చేశాడు. నేను పట్టుకున్న తాడు బెల్టుకు కట్టి లేదు, నా కాళ్లు బెల్టు మీద లేవు. విమానానికి ఆ తాడు గాలి.

ఇప్పుడు లెక్క. నువ్వు ఎంపీసీ అన్నావు కాబట్టి అంకెలు లేకుండా వదిలితే బాగుండదు. చిన్న రెండు సీట్ల శిక్షణ విమానం సెస్నా 152 తీసుకుందాం. నిండు బరువు సుమారు 757 కిలోలు. సముద్ర మట్టం దగ్గర, గాలి లేని రోజు, దాదాపు 220 మీటర్లు పరుగెత్తి గంటకు 93 కిలోమీటర్ల దగ్గర, అంటే సెకనుకు 26 మీటర్ల దగ్గర లేస్తుంది. వేగం వర్గాన్ని రెండింతల దూరంతో భాగించు, సగటు త్వరణం సుమారు 1.5 వస్తుంది. ద్రవ్యరాశితో గుణిస్తే నికర బలం సుమారు 1150 న్యూటన్లు. గట్టి నేల మీద టైరుకు దొర్లుడు ఘర్షణ గుణకం 0.02 చుట్టుపక్కల ఉంటుంది, కాబట్టి నేల వెనక్కి లాగేది దాదాపు 150 న్యూటన్లు, ఓ 15 కిలోల బరువంత. ఈ ఘర్షణ చక్రం వేగంతో పెద్దగా మారదు. మిల్లులో త్రాసు చూపించింది అదే. కాబట్టి బెల్టు ఎంత వేగంతో తిరిగినా వెనక్కి లాగే బలం 15 కిలోల దగ్గరే ఉంటుంది. ఇంజిన్ ముందు అది ఏపాటిది?

ఒక చిన్న విషయం మాత్రం నిజాయితీగా చెప్పాలి. బెల్టు వల్ల చక్రాలు రెట్టింపు త్వరణంతో తిరగాలి, దానికి కొంచెం అదనపు బలం కావాలి. మూడు చక్రాలూ కలిపి 25 కిలోలు అనుకుందాం, పళ్లెం లాంటి ఆకారం కాబట్టి జడత్వ భ్రామకం (తిప్పబోతే చక్రం ఎంత మొరాయిస్తుందో చెప్పే కొలత) లెక్కలో సగం తీసుకుంటే 12.5. దాన్ని 1.5తో గుణిస్తే 19 న్యూటన్లు. 1150లో 19. రెండు శాతం కూడా కాదు. 220 మీటర్లలో రెండు శాతం ఎంత? నాలుగు మీటర్ల పైన. మొదట్లో నాలుగైదు మీటర్లు అన్నది అక్కడి నుంచే వచ్చింది.

పెద్ద విమానానికి ఇంకా తేడా. ఎయిర్‌బస్ ఏ320 లాంటిది 75 టన్నులు ఉందనుకో, దొర్లుడు ఘర్షణ ఒకటిన్నర టన్నుల బలం, రెండు ఇంజిన్లూ కలిపి తోసేది 20 టన్నుల పైమాటే. అయితే ఇక్కడ వేరే చిక్కు ఉంది. విమానం టైర్లకు వేగం హద్దు ఉంటుంది, పెద్ద విమానాల టైర్లు చాలావాటికి అది గంటకు 360 కిలోమీటర్ల చుట్టూ. ఏ320 లేచే వేగం 260, 270 దగ్గర ఉంటుంది, రెట్టింపు చేస్తే 500 దాటుతుంది. ఫిజిక్స్ ప్రకారం లేవాలి, కానీ టైరు ముందే పేలిపోవచ్చు. టైర్లు మార్చినవాడిగా ఇది చెప్పకుండా ఉండలేను. పేలితే మాత్రం ఆ తప్పు టైరుది అవుతుంది, న్యూటన్‌ది కాదు.

ఇప్పుడు మీ లెక్చరర్ గారి సంగతి. ఆయన ఊరికే అని ఉండరు. ఈ ప్రశ్న రెండు రకాలుగా తిరుగుతోంది, లొల్లి అంతా అక్కడే పుడుతోంది. నువ్వు రాసినదాంట్లో "విమానం ఎంత వేగంతో కదిలితే బెల్టు అంత వేగంతో" అని ఉంది. కొందరు "చక్రం ఎంత వేగంతో తిరిగితే బెల్టు అంత వేగంతో" అని చెబుతారు. వినడానికి ఒకటే, కానీ రెండూ పూర్తిగా వేరు. చక్రం అంచు వేగం అంటే విమానం వేగం, బెల్టు వేగం రెండూ కూడినది. ఆ మొత్తం ఒక్క బెల్టు వేగానికే సమానం కావాలంటే విమానం వేగం సున్నా కావాలి. అంటే ప్రశ్నలోనే "విమానం కదలకూడదు" అని నియమం దాచిపెట్టి, మళ్లీ కదులుతుందా అని అడిగినట్టు. దాని ప్రకారం ఆయన చెప్పింది సరైనదే.

కానీ ఆ నియమాన్ని నిలబెట్టే బెల్టు ఎలా ఉండాలో చూడు. ఘర్షణ పెరగదు కాబట్టి వేగంతో విమానాన్ని ఆపలేం. త్వరణంతోనే ఆపాలి, చక్రాలను ఇంకా ఇంకా వేగంగా తిప్పుతూ పోవాలి, ఆ తిప్పడానికి పట్టే బలమే విమానాన్ని వెనక్కి లాగాలి. ఇంజిన్ తోపుడు 1500 న్యూటన్లు అనుకుంటే, 12.5తో భాగించు. బెల్టు త్వరణం 120 రావాలి. ఒక సెకను తర్వాత బెల్టు వేగం గంటకు 432 కిలోమీటర్లు. రెండో సెకనుకు 864. మూడో సెకనుకు ధ్వని వేగం దాటేస్తుంది. రన్‌వే అంత పొడవున్న బెల్టు అంత వేగంతో వెనక్కి పోతుంటే దాన్ని అంటుకున్న గాలి కూడా దానితో పోతుంది, అంటే విమానం ముక్కు నుంచి తోక వైపు ఈదర గాలి వీస్తుంది. అది రెక్కలకు తగిలిందంటే విమానం ఉన్నచోటే పైకి లేచినా లేస్తుంది! టైర్లు అప్పటికి మిగిలి ఉంటే.

కాబట్టి సార్ దగ్గరికి వెళ్లినప్పుడు "మీరు చెప్పింది తప్పు సార్" అని మొదలుపెట్టకు. "సార్, సమానంగా ఉండాల్సింది చక్రం వేగమా, విమానం వేగమా?" అని అడుగు. బోర్డు మీద స్వేచ్ఛా వస్తు పటం గీయమని అడుగు. విమానం మీద ముందుకు థ్రస్ట్, అంటే ఇంజిన్ తోపుడు, వెనక్కి గాలి నిరోధం, ఇరుసు దగ్గర చిన్న ఘర్షణ బలం. సమానంగా ఉండాల్సింది విమానం వేగమే అయితే, ఆ మూడు బాణాలు గీశాక లేవదని అనడానికి దారి ఉండదు. నేను చూసినంతలో మంచి లెక్చరర్లు ఈ పటం దగ్గర ఆగి, వాళ్లే నవ్వి సరిదిద్దుకుంటారు.

అసలు ఈ ప్రశ్న నాకు ఇంత ఇష్టం కావడానికి వేరే కారణం ఉంది. చాలామంది "వేగం" అనగానే నేలతో పోల్చుకునే వేగమే అనుకుంటారు. రెక్కకు నేల తెలియదు. దానికి తెలిసింది తన మీదుగా పోయే గాలి ఒక్కటే. సంక్రాంతికి పతంగి ఎగరేశావు కదా? గాలి బాగా ఉన్నరోజు మిద్దె మీద కదలకుండా నిలబడి ఎగరేస్తాం. గాలి లేని రోజు దారం పట్టుకుని పరుగెత్తుతాం. పతంగికి రెండూ ఒకటే. నువ్వు పరుగెత్తావా, గాలి పరుగెత్తిందా అని అది అడగదు.

విమానం కాక్‌పిట్‌లో పైలట్ చూసే వేగం కూడా చక్రాల నుంచి రాదు. బండికి ముందు చక్రం నుంచి మీటరుకు కేబుల్ వెళ్లినట్టు ఇక్కడ ఏదీ వెళ్లదు. రెక్క కిందో ముక్కు దగ్గరో పెన్ను మందాన ఒక గొట్టం ఉంటుంది, పిటో ట్యూబు అంటారు. ఎదురుగా వచ్చే గాలి దాంట్లోకి కొట్టే ఒత్తిడిని బట్టి మీటరు వేగం చూపిస్తుంది. నేలమీద ఉన్నప్పుడు దానికి ఎర్ర రిబ్బను కట్టిన తొడుగు వేసి ఉంచుతాం, ఎగిరేముందు తీస్తాం. తొడుగు లేకుండా నాలుగు రోజులు వదిలితే కందిరీగ వచ్చి ఆ రంధ్రంలో మట్టిగూడు కట్టేస్తుంది. రోజూ పొద్దున్నే ఆ గొట్టం ముందు వంగి చూడడం నా మొదటి పని. మట్టి ఉందంటే ఆ విమానం కదలడానికి వీల్లేదు, చక్రాలు ఎంత బాగున్నా సరే.

ఇంకో సంఘటన. ఎక్కడ అన్నది అనవసరం. మే నెల, సాయంత్రం నాలుగున్నర, పడమర నుంచి గాలిదుమారం లేచింది. మన దగ్గర ఎండాకాలం చివర్లో ఎట్లా వస్తుందో తెలుసు కదా, ఐదు నిమిషాల ముందు ఆకు కదలదు, ఉన్నట్టుండి రేకులు ఎగిరిపోతాయి. బయట ఒక చిన్న విమానం నిలిపి ఉంది. రెక్కల కింద కొక్కేలకు తాళ్లు కట్టి నేలలో రింగులకు బిగిస్తాం, పికెటింగ్ అంటాం. ఎడమ రెక్క తాడు ఎవరో సరిగ్గా బిగించలేదు. నేను పరుగెత్తి వెళ్లేసరికి ఎడమ చక్రం నేలకు జానెడు పైన ఉంది. ఇంజిన్ ఆగి ఉంది. చక్రాలు తిరగడం లేదు, లోపల మనిషి లేడు. విమానం నేలతో పోలిస్తే సున్నా వేగంతో ఉంది, కానీ రెక్క తన పని తాను చేసేస్తోంది. ఇద్దరం రెక్క కింద ఉన్న కమ్మీకి వేలాడి కిందికి దించాం, మూడోవాడు తాడు బిగించాడు. దుమ్ము కళ్లలో పడి రెండు రోజులు మండాయి. ఆ చక్రం కింద కనిపించిన ఖాళీ జాగా మాత్రం ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. విమానం లేవడానికి చక్రాలు తిరగనక్కర్లేదని నేను ఏ పుస్తకంలోనూ అంత బాగా నేర్చుకోలేదు.

ఇదే సంగతి రైట్ సోదరుల మొదటి ఎగురుడులోనూ ఉంది. 1903 డిసెంబరు 17న 12 సెకన్లలో 120 అడుగులు పోయారు. అంటే సెకనుకు 10 అడుగులు, గంటకు 11 కిలోమీటర్లు. సైకిల్ మీద పిల్లవాడు దాటేస్తాడు. అంత మెల్లగా పోయేది ఎట్లా లేచింది? ఎదురుగా గంటకు 40 కిలోమీటర్ల పైగా గాలి వీస్తోంది. నేలతో పోలిస్తే 11, గాలితో పోలిస్తే 50 పైన. ఇంకో విషయం, ఆ విమానానికి చక్రాలే లేవు, చెక్క పట్టాల మీద ఒక చిన్న బండిపై జారి లేచింది. ఇప్పటికీ నీటి మీద తేలి లేచే విమానాలు, మంచు మీద జారి లేచే విమానాలు ఉన్నాయి. చక్రం లేనిదే విమానం లేవదని వాదించేవాళ్లకు ఇవి చూపించు.

నువ్వు మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్ బస్సులో వెళ్తుంటావు కాబట్టి ఒకటి గమనించు. శంషాబాద్ దగ్గర రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉంటాయి, 44వ నంబరు జాతీయ రహదారి వాటికి పడమర వైపు ఉంది. వానాకాలంలో పడమటి గాలి కాబట్టి విమానాలు చాలామటుకు పడమర ముఖం పెట్టి లేస్తాయి, రోడ్డు మీదుగా ఎక్కుతూ పోతాయి. గాలి తూర్పు నుంచి ఉన్న రోజుల్లో అదే చోట దిగుతూ కనిపిస్తాయి. ఎప్పుడైనా గాలికి ఎదురే. లేవడానికి 100 వేగం కావాల్సిన విమానానికి ఎదురుగాలి 20 ఉంటే నేలమీద 80 అందుకుంటే చాలు, పరుగు దూరం వర్గంలో తగ్గుతుంది కాబట్టి మూడింట రెండొంతుల లోపే సరిపోతుంది. యుద్ధనౌకల మీద విమానాలు లేచేటప్పుడు నౌకనే గాలికి ఎదురు తిప్పి వేగంగా నడుపుతారు. ఇది చూసి ఒక పిల్లవాడు "మరి నౌక ముందుకు పోతే సాయం, బెల్టు వెనక్కి పోతే నష్టం కావాలి కదా సార్" అన్నాడు. మంచి ప్రశ్న. నౌక తన మీద ఆగి ఉన్న విమానాన్ని కూడా మోసుకుని గాలిలోకి దూసుకుపోతుంది, పరుగు మొదలు కాకముందే రెక్కకు గాలి అందుతుంది. బెల్టు విమానాన్ని మోసుకుపోలేదు, చక్రాలు తిరిగి దాన్ని వదిలించుకుంటాయి. బ్రేకులు వేసి ఉంచితే మాత్రం బెల్టు విమానాన్ని వెనక్కి ఈడ్చుకుపోతుంది, అప్పుడు కథ వేరు. బ్రేకు వదిలిన విమానం గురించే మనం మాట్లాడుతున్నాం.

అదే ఊపులో ఇంకో అనుమానం వస్తుంది, నీ స్నేహితుల్లో ఎవరో ఒకరు అడుగుతారు: ప్రొపెల్లర్ గాలి రెక్కల మీదికే వీస్తోంది కదా, విమానాన్ని కట్టేసినా లేవాలి కదా అని. లేవదు. బ్రేకులు బిగించి ఇంజిన్ నిండుగా రేపి పరీక్షించడం నేను కొన్ని వందలసార్లు చూశాను, విమానం వణుకుతుంది, ముక్కు కాస్త కిందికి వంగుతుంది, అంతే. ప్రొపెల్లర్ గాలి తగిలేది రెక్క మొదట్లో కొద్ది భాగానికే. మిగతా రెక్క అంతటికీ గాలి అందాలంటే విమానం మొత్తం ముందుకు పోవాలి. బెల్టు మీద విమానం లేచేది ఉన్నచోట నిలబడి కాదు, నిజంగానే ముందుకు పరుగెత్తి. ఇది గట్టిగా చెప్పు, ఎందుకంటే "లేస్తుంది" అనగానే చాలామంది హెలికాప్టర్‌లా నిటారుగా లేస్తుందని ఊహించుకుని కొట్టిపారేస్తారు.

రెక్క ఎట్లా లేపుతుందన్నది పెద్ద పాఠం, ఇక్కడ అంతా చెప్పను. ఒక్క తప్పు మాత్రం మనసులోంచి తీసెయ్యి. పైనుంచి పోయే గాలి ఎక్కువ దూరం పోవాలి, కింద గాలితో ఒకేసారి చివరికి చేరాలి, అందుకే వేగంగా పోతుంది అని చాలా చోట్ల రాస్తారు. ఒకేసారి చేరాలన్న నియమం ఎక్కడా లేదు, నిజానికి పై గాలి ముందే చేరుతుంది. రెక్క గాలిని కిందికి వంచుతుంది, గాలి రెక్కను పైకి నెడుతుంది. పైన ఒత్తిడి తక్కువ, కింద ఎక్కువ అన్నది నిజమే, వేగంగా పోయే గాలిలో ఒత్తిడి తక్కువన్న బెర్నౌలీ తప్పేం చెప్పలేదు, కారణమే తప్పుగా అతికిస్తున్నారు. రెక్క వంపు ఒక్కటే కారణమైతే మన వాయుసేన విన్యాసాల జట్టు సూర్యకిరణ్ తలకిందులుగా ఎగరగలిగేదా? ఉత్థాపక బలం, అంటే రెక్కను పైకి లేపే బలం, గాలి సాంద్రతను బట్టి, వేగం వర్గాన్ని బట్టి, రెక్క వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. ఈ జాబితాలో చక్రం వేగం లేదు, నేల వేగం లేదు, బెల్టు లేదు.

సాంద్రత ఉంది కాబట్టి ఎండ సంగతి ఉంది. నల్లగొండలో మే నెలలో 45 డిగ్రీలు ఉన్నప్పుడు గాలి సాంద్రత 15 డిగ్రీల గాలితో పోలిస్తే తొమ్మిది శాతం పైన తగ్గిపోతుంది. రెక్కకు ఎత్తే బలం తగ్గుతుంది, ఇంజిన్ తోపుడూ తగ్గుతుంది. పరుగు దూరం పదుల మీటర్లు పెరుగుతుంది. కాబట్టి మన ఎండ ముందు ఆ బెల్టు చేసే నష్టం లెక్కలోకి కూడా రాదు.

దీన్ని నిజంగా చేసి చూశారా అని అడిగావు. చూశారు. 2008లో ఒక అమెరికన్ టీవీ కార్యక్రమంలో పొడవాటి గుడ్డ పట్టా మీద చిన్న అల్ట్రాలైట్ విమానం నిలబెట్టి, పట్టాను వాహనంతో వెనక్కి లాగారు. విమానం లేచింది. నడిపిన పైలట్ కూడా లేవదనే అనుకున్నాడు. కాబట్టి మీ గదిలో నలుగురు లేవదన్నారని చిన్నబుచ్చకు, ఎగరేసేవాళ్లే పొరబడిన ప్రశ్న ఇది.

మీరూ చేసి చూడాలంటే మిల్లు దాకా వెళ్లనక్కర్లేదు. జిమ్‌లో ట్రెడ్‌మిల్, ఒక స్కేటింగ్ బూటు, మూడు మీటర్ల తాడు, కాలేజీ ల్యాబులో స్ప్రింగ్ త్రాసు చాలు. ట్రెడ్‌మిల్ ఆగి ఉన్నప్పుడు ఒకసారి, మెల్లగా తిరిగేటప్పుడు ఒకసారి, వేగంగా తిరిగేటప్పుడు ఒకసారి ముల్లు చూసి రాసుకోండి. పట్టా మీద ఎవరూ నిలబడొద్దు, పక్క నేల మీద నిలబడే లాగండి. తాడు వేళ్లకు చుట్టుకోవద్దు, గుప్పిట్లో పట్టుకోండి, ఎక్కడైనా ఇరుక్కుంటే వెంటనే వదిలెయ్యడానికి వీలుగా. మా పిల్లల్లో ఒకడు చుట్టుకున్నాడు, బండి అంచుకు తగిలి తాడు లాగేసరికి చూపుడు వేలు చర్మం లేచిపోయింది. మీ త్రాసు చూపించిన అంకెలు ఇక్కడ రాయి, నేను చూస్తాను.